చలిదేశంలో మంచి డౌన్ కంఫర్టర్ ఎంచుకోవడం ఎలా?

అమెరికాకో కెనడాకో చదువుకనో ఉద్యోగానికనో కొత్తగా వెళ్ళినవాళ్ళు అక్టోబరు దాటగానే అడిగే ప్రశ్న ఇది: "అందరూ డౌన్ కంఫర్టర్ కొనమంటున్నారు, ఏది కొనాలి?" షాపులో చవకదీ ఉంటుంది, దానికి పదింతల ధర పలికేదీ ఉంటుంది. రెండూ తెల్లగానే ఉంటాయి, రెంటికీ గళ్ళ కుట్టే ఉంటుంది, రెండూ జిప్పు సంచిలో మడత పెట్టే ఉంటాయి. సంచి మీద రకరకాల అంకెలు. వాటిలో మీకు నిజంగా పనికొచ్చేవి రెండు. పెద్దక్షరాల్లో వేసేది మాత్రం చాలాసార్లు మూడోదాన్ని. ఆ రెండూ ఏవో తెలియాలంటే ముందు లోపల ఏముందో తెలియాలి.

డౌన్ ఎందుకంత వెచ్చగా ఉంటుంది?

బాతుల రొమ్ము మీద, పైకి కనబడే ఈకల కింద, మెత్తని నూగు ఉంటుంది. అదే డౌన్. ఈకకు నడుమ గట్టి ఈనె ఉంటుంది, నూగుకు ఉండదు. ఒక్క పోగును అరచేతిలో వేసుకుని చూడండి. మధ్యలో ఒక చిన్న చుక్క, అందులోంచి అన్ని వైపులకూ విచ్చుకున్న సన్నని తంతువులు, ఒక్కో తంతువుకూ కంటికి ఆనీ ఆనని కొమ్మలు. ఊపిరి తగిలితే ఎగిరిపోతుంది. గుప్పిట మూసి తెరిస్తే మెల్లగా విచ్చుకుని మళ్ళీ మునుపటి ఆకారానికి వస్తుంది. కాసేపటికి అది ఉన్నచోట అరచేయి వెచ్చబడటం మీకే తెలుస్తుంది.

ఆ వేడి మన ఒంటిదే. కంఫర్టర్ వేడిని పుట్టించదు, ఒంట్లోంచి పోయే వేడిని పోనివ్వకుండా ఆపుతుంది. ఆపేది కూడా నూగు కాదు, దాని తంతువుల మధ్య కదలకుండా నిలిచిన గాలి. మన దూది రజాయిలో పనిచేసేదీ ఆ గాలే. కాకపోతే దూది వాడకంతో అణిగిపోయి గట్టిపడుతుంది, అందుకే విప్పి, ఏకించి, మళ్ళీ కుట్టిస్తాం. నూగు అణిగినా తిరిగి పొంగుతుంది. కొద్ది బరువుతోనే ఎక్కువ గాలిని పట్టి ఉంచగలదు. కాబట్టి "చేతికి బరువుగా తగిలింది, బాగా వెచ్చగా ఉంటుంది" అన్న లెక్క ఇక్కడ పనికిరాదు. బరువుగా ఉంటే లోపల ఈకలు ఎక్కువ కలిపారేమోనని అనుమానించాలి.

ఫిల్ పవర్ అంటే ఏమిటి? అది ఎక్కువైతే చాలా?

ఒక ఔన్సు, అంటే సుమారు 28 గ్రాముల డౌన్‌ను కొలత గొట్టంలో వేసి, పైన ఒక నిర్ణీత బరువు ఉంచి, అది ఎన్ని ఘనపు అంగుళాల చోటు ఆక్రమిస్తుందో చూస్తారు. ఆ అంకే ఫిల్ పవర్. 600 ఉంటే ఫరవాలేదు, 700 దాటితే మంచి రకం, 800 దాటితే మేలురకం.

చాలామంది ఇక్కడే ఆగిపోతారు. ఫిల్ పవర్ చెప్పేది నూగు నాణ్యతను మాత్రమే. ఆ నూగును లోపల ఎంత నింపారన్నది వేరే సంగతి, దాన్ని ఫిల్ వెయిట్ అంటారు. రెండూ కలిస్తేనే వెచ్చదనం. 600 ఫిల్ పవర్ ఉన్న డౌన్‌ను 40 ఔన్సులు నింపితే లోపల 24,000 ఘనపు అంగుళాల పొంగు. 800 ఫిల్ పవర్ డౌన్‌ను 30 ఔన్సులే నింపినా అదే 24,000. ఒకే సైజు కంఫర్టర్లయితే వెచ్చదనంలో రెండూ ఇంచుమించు ఒకటే. రెండోది పావుకిలోకు పైగా తేలిక, అంతే. అదే 800 రకాన్ని 18 ఔన్సులు మాత్రం నింపి "800 ఫిల్ పవర్" అని గొప్పగా అచ్చు వేస్తే, అది వేసవి దుప్పటి. అబద్ధం ఏమీ చెప్పలేదు, కానీ జనవరిలో మీరు వణకక తప్పదు.

క్వీన్ సైజుకు, 700 ఫిల్ పవర్ దగ్గర, పాతిక ఔన్సుల లోపు పల్చనిది, 30 నుంచి 35 వరకు ఏడాదంతా వాడుకునేది, 45 దాటితే గట్టి చలికి అని ఉజ్జాయింపుగా అనుకోవచ్చు. బ్రిటన్‌లో ఉన్నవాళ్ళకు ఈ గుణకారాలు అక్కర్లేదు. అక్కడ కంఫర్టర్‌ను డువే అంటారు, దాని మీద టాగ్ అనే అంకె వేస్తారు, అది మొత్తం డువే వెచ్చదనానికే కొలత. 4.5 వేసవికి, 10.5 మిగతా కాలాలకు, 13.5 చలికాలానికి.

షికాగోలో మైనస్ ఇరవై అంటున్నారు, అన్నిటికన్నా మందమైనదే కొనాలా?

అక్కర్లేదు. మీరు పడుకునేది వీధిలో కాదు, గదిలో. 2019 జనవరి 30న షికాగోలో ఉష్ణోగ్రత మైనస్ 30 సెల్సియస్‌కు పడింది. ఆ రాత్రి కూడా హీటింగ్ సరిగ్గా పనిచేసిన ఇళ్ళలో పడకగది 20 డిగ్రీల దగ్గరే ఉంటుంది. మన ఇళ్ళలో థర్మోస్టాట్‌ను 72 ఫారన్‌హీట్‌కు పెట్టుకునేవాళ్ళు ఎక్కువ. ఆ వేడిలో 45 ఔన్సుల కంఫర్టర్ కప్పుకుంటే నడిరాత్రి చెమట పట్టి తన్నేస్తారు. కిటికీ సందుల్లోంచి గాలి కొట్టే పాత అపార్ట్‌మెంటైతేనో, రాత్రి హీటర్ తగ్గించుకునే అలవాటు ఉంటేనో మందమైనది కొనండి. బయటి చలిని చూసి కాదు, గదిలో రాత్రి ఎంత ఉంటుందో చూసి తీసుకోండి.

భార్యాభర్తల్లో ఒకరికి చలి, ఒకరికి ఉక్క అయితే జర్మనీలోనూ స్కాండినేవియా దేశాల్లోనూ చాలామంది చేసే పని చేయండి: ఒకే మంచం, రెండు వేర్వేరు కంఫర్టర్లు. నాకు తెలిసి ఈ సమస్యకు ఇంతకన్నా మంచి పరిష్కారం లేదు.

గళ్ళు ఎందుకు కుడతారు?

గళ్ళు లేకపోతే నూగంతా ఒక మూలకు చేరుతుంది. అయితే గళ్ళు కుట్టే పద్ధతులు రెండు. ఒకటి, పైబట్టనూ కిందిబట్టనూ కలిపి నేరుగా కుట్టేయడం. అప్పుడు కుట్టు వెంట నూగు ఉండదు, ఆ గీతల మీదుగా చలి దిగుతుంది. రెండోది బాఫిల్ బాక్స్. ఇందులో రెండు బట్టల మధ్య సన్నని బట్టపట్టీలను గోడల్లా నిలబెట్టి కుడతారు. గడి అంచుల దాకా నూగు పొంగడానికి చోటుంటుంది. చలికాలానికి కొనేదైతే బాఫిల్ బాక్సే తీసుకోండి. నేరుగా కుట్టినది వేసవికో, బాగా వెచ్చగా ఉంచుకునే ఇంటికో సరిపోతుంది. రెంటినీ గుర్తుపట్టడం తేలిక. కుట్టు గీత మీద బట్టను పైనా కిందా రెండు వేళ్ళతో పట్టుకుని విడదీసి చూడండి. విడిపోతే మధ్యలో పట్టీ ఉన్నట్టు.

మరి థ్రెడ్ కౌంట్?

పెద్దక్షరాల్లో వేసే మూడో అంకె ఇదే. పైబట్ట నూగు బయటికి రానంత చిక్కగా నేసి ఉండాలి, గాలి ఆడాలి. కాటన్‌లో 300 అటూఇటూ ఉంటే చక్కగా సరిపోతుంది. వెయ్యి అని రాసి ఉంటే సంబరపడకండి. పేట పోగుల్ని విడివిడిగా లెక్కపెట్టి పెంచిన అంకె కావచ్చు. నిజంగానే అంత చిక్కగా ఉంటే ఆ బట్ట బరువుకు లోపలి నూగు పొంగలేదు.

లేబుల్ మీద ఏం చూడాలి?

"డౌన్ ఆల్టర్నేటివ్" అంటే డౌన్ కాదు, పాలిస్టర్. "ఫెదర్ అండ్ డౌన్" అని ఉంటే ఈకలే ఎక్కువ, ఎక్కువున్న దాని పేరు ముందు వస్తుంది. అమెరికాలో పాటించే ప్రమాణం ప్రకారం ఉత్త "డౌన్" అని రాయాలంటే కనీసం 75 శాతం నూగు ఉండాలి. గూస్ అనే పెద్దబాతు నూగు సాధారణంగా మామూలు బాతు నూగుకన్నా పెద్ద పోగులుగా ఉంటుంది, ధరా ఎక్కువే. కానీ నాసిరకం గూస్ కన్నా మంచి బాతు నూగు నయం, కాబట్టి పక్షి పేరు కన్నా అంకెలను నమ్మండి.

షాపులో విప్పి చూపిస్తే చేతులతోనూ పరీక్షించండి. అరచేత్తో నొక్కి వదిలితే తనంతట తానే పొంగాలి. బట్టను వేళ్ళ మధ్య నలిపితే ఈనెలు గుచ్చుకోకూడదు. ముక్కు దగ్గర పెట్టుకుంటే నీచువాసన రాకూడదు. వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే ఏ గడీ బోసిగా కనబడకూడదు.

ఇందులో జీవహింస లేదా?

మన ఇళ్ళలో చాలామంది అడిగే ప్రశ్న, అడగాల్సిన ప్రశ్న. డౌన్ ఎక్కువ భాగం మాంసం కోసం పెంచే పక్షుల నుంచే వస్తుంది. కొన్నిచోట్ల బతికుండగానే పీకేవారు. దాన్నీ, బలవంతపు మేతనూ నిషేధిస్తూ 2014లో రెస్పాన్సిబుల్ డౌన్ స్టాండర్డ్ వచ్చింది. డౌన్ కొనాలనుకుంటే ఆర్‌డీఎస్ అన్న గుర్తు లేనిది కొనవద్దనే చెబుతాను. పక్షికి హాని చేయకుండా తీసేది ఒకటుంది. ఐస్‌లాండ్‌లో ఐడర్ బాతులు తమ గూళ్ళలో పరుచుకున్న నూగును రైతులు ఏరుకుంటారు. కిలో నూగుకు అరవై దాకా గూళ్ళు కావాలి. ధర మామూలు కుటుంబాలకు అందేది కాదు. మనసొప్పనివాళ్ళు మొహమాటపడకుండా మంచి పాలిస్టర్‌దో, పట్టు నింపినదో తీసుకోవచ్చు. పాలిస్టర్ కాస్త బరువు, కొన్నేళ్ళకే అణిగిపోతుంది. రాత్రి నిద్రకు మాత్రం లోటు చేయదు.

ఎన్నేళ్ళు వస్తుంది? ఉతకవచ్చా?

మంచిది పది, పదిహేనేళ్ళు వస్తుంది, కానీ మొదటిరోజే దానికి గలీబు తొడగాలి. తలకు నూనె రాసుకుని పడుకునే ఇంట్లో కంఫర్టర్ పై అంచు ముందు పాడవుతుంది. పోపు వాసన కూడా నూగుకు పట్టి వదలదు. గలీబును తరచూ ఉతుక్కుంటే కంఫర్టర్‌ను ఏడాదికో రెండేళ్ళకో ఒకసారి ఉతికితే చాలు. ముందువైపు తలుపుండే పెద్ద మెషీన్‌లో, కొంచెం సబ్బుతో, మెల్లగా తిరిగేట్టు ఉతకాలి. నడుమ స్తంభం తిరిగే మెషీన్‌లో లోపలి పట్టీలు చిరుగుతాయి. డ్రయర్‌లో తక్కువ వేడి మీద రెండు మూడు టెన్నిస్ బంతులు వేసి తిప్పితే ఉండకట్టిన నూగు విడిపోతుంది. గంటలు పడుతుంది, ఓపిక పట్టండి. పైకి ఆరినట్టు కనబడినా గడి మధ్యలో తడి మిగిలితే ముక్కిపోతుంది.

ఇండియా వచ్చేటప్పుడు అమ్మానాన్నలకు ఒకటి తేవచ్చా?

ప్రేమతో అడిగే ప్రశ్నే, అయినా విజయవాడకో విశాఖకో అయితే వద్దు. తేమ పట్టిన నూగు పొంగదు, పొంగకపోతే వెచ్చదనమూ ఉండదు. పైగా ఉతికాక ఆరబెట్టడానికి మన ఇళ్ళలో డ్రయర్ ఉండదు. సూట్‌కేసులో ఆ చోటు ఇంకోదానికి వాడుకోండి. వాళ్ళకు మంచి కాటన్ దుప్పటి ఇక్కడే దొరుకుతుంది.