వస్తాదుకు జూడో లొంగుతుందా?

కుస్తీలో వెల్లకిలా పడబోతున్న మల్లుడు తలనూ పాదాలనూ నేలకు ఆనించి ఒంటిని విల్లులా వంచేస్తాడు. పాయింట్లు పోతే పోవచ్చు కానీ, భుజాలు రెండూ చాపకు తాకనంతవరకూ అతడు చిత్తు కానట్టే. జూడోలో ఎదుటివాడు ఎత్తి పడేసినప్పుడు ఇలా వంగితే రిఫరీ చెయ్యి పైకి లేస్తుంది. ఇప్పాన్! ఆట ముగిసింది. మెడ విరిగే ప్రమాదం ఉందని, ఆ వంపును వీపు నేలకు తగిలినట్టే లెక్కగడతారు.

కుస్తీవీరుడు జూడోకి మారితే బలమూ, ఎదుటివాడి బరువు ఎటు వాలుతోందో పసిగట్టే నేర్పూ వెంట వస్తాయి. పాత అలవాట్లూ వస్తాయి, చిక్కంతా వాటితోనే. కుస్తీలో బోర్లా పడుకుంటే చిత్తయ్యే భయం తగ్గుతుంది. జూడోలో మాత్రం పీక నులిమేవాడికి మెడ అప్పగించినట్టే. నడుం వంచి మరీ కిందికి దిగి కాచుకున్నా కుదరదు. 'షిదో' అనే శిక్ష పడుతుంది, మూడు షిదోలైతే ఓటమే.

అన్నిటికన్నా పెద్ద తేడా బట్ట. జూడోలో సగం పోరు అంగీ కాలరూ, చేతులూ ముందు ఎవరికి చిక్కుతాయన్నదే. మన గోదాల్లో లంగోటా తప్ప పట్టుకోవడానికి గుడ్డపేలికైనా ఉండదు. అంగీ పట్టుకుని పెనుగులాడే సంప్రదాయాల వాళ్లు జూడోలో త్వరగా కుదురుకున్నారంటే ఆశ్చర్యమేముంది?

జూడో మొదటిసారి ఒలింపిక్స్‌కెక్కిన 1964లో, టోక్యోలో, సోవియట్ జట్టు నాలుగు కాంస్యాలు పట్టుకెళ్లింది. సోవియట్ వాళ్లకు అండ సాంబో అనే కుస్తీ. అదీ అంగీతో ఆడేదే. దాని మూలపురుషుల్లో ఒకరైన వాసిలీ ఒషెప్కోవ్ టోక్యోలో జూడో మూలకేంద్రమైన కొడొకాన్‌లోనే ఆ విద్య నేర్చుకున్నాడు. హెవీవెయిట్‌లో కాంస్యాలు గెలిచిన కిక్నాద్జే, చిక్విలాద్జే ఇద్దరూ జార్జియా వాళ్లు. పొట్టిచేతుల అంగీ, నడుంపట్టీలతో చిదావోబా అనే కుస్తీ పట్టే దేశమది. ఎదుటివాడి వీపు మీదుగా చెయ్యి వేసి పట్టీ అందుకునే జార్జియా పట్టు నేటికీ జూడోలో పేరున్నదే.

మంగోలియాకు తొలి ఒలింపిక్ స్వర్ణం తెచ్చిన తువ్‌షిన్‌బాయర్ కూడా 'బోఖ్' అనే సంప్రదాయ కుస్తీ నుంచి వచ్చినవాడే. 2008 బీజింగ్‌లో, వంద కిలోల విభాగంలో, తొలి పోరులోనే జపాన్ దిగ్గజం కెయిజి సుజుకిని ఓడించాడు.

ఆ తర్వాత నిబంధనలు బిగిశాయి. జూడో కుస్తీలా మారిపోతోందన్న బెంగతో, చేత్తో నేరుగా కాళ్లు పట్టి పడేయడాన్ని 2010లో అడ్డుకున్నారు. 2013లో, నిలబడి పోరాడేటప్పుడు నడుం కింద చెయ్యి వేయడమే నిషేధమైంది. ఇందులో చిన్న తమాషా ఉంది. జూడో పితామహుడు జిగోరో కానో కుర్రతనంలో, తనను మించిన బలశాలి అయిన తోటి విద్యార్థిని పడగొట్టడానికి పాశ్చాత్య కుస్తీ పుస్తకం తిరగేసి మరీ 'కటా గురుమ' అనే పట్టు తయారుచేసుకున్నాడు. కాలు పట్టి భుజాల మీదికి ఎత్తుకునే దాని పాత రూపం ఇప్పుడు అంతర్జాతీయ పోటీల్లో చెల్లదు.

2010 మార్పుల తర్వాత కూడా తువ్‌షిన్‌బాయర్ 2012 లండన్‌లో రజతం గెలిచాడు. మారాలనుకునేవాళ్లకు దారి మూసుకుపోలేదు, ఇరుకైంది. ఇప్పుడు జూడో ఫ్రీస్టైల్ కుస్తీవాళ్లకన్నా గ్రీకో-రోమన్ వాళ్లకే కాస్త దగ్గరనిపిస్తుంది, అందులోనూ నడుం కింద పట్టకూడదు కాబట్టి. కాకపోతే అక్కడ కాళ్లతో మెలిపెట్టడమూ కుదరదు. జూడోకి ప్రాణమైన ఉచి మాతా, ఒసోతో గారి లాంటి కాలి పట్లను వాళ్లు మొదటినుంచీ నేర్చుకోవాల్సిందే.