కస్టమర్ ఇంట్లో బాధ చెప్పుకుంటే సెలూన్‌లో మీరేం చేయాలి?

ఇల్లినాయిలో సెలూన్ పని చేస్తున్న తెలుగు ఆడవాళ్లకు ఈ సంగతి తెలిసే ఉంటుంది. లైసెన్సు కోసం చేయాల్సిన క్లాసుల్లో గృహహింస, లైంగిక దాడుల మీద 1 గంట క్లాసు ఉంటుంది. ఆ చట్టం 2017 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. "హెయిర్ కట్ చేసుకునే మాకెందుకు ఇవన్నీ" అని వీడియో నడుస్తుండగా వంట చేసుకునేవాళ్లూ ఉన్నారు.

ఎందుకంటే, ఫోన్ భర్త చేతిలో, బ్యాంకు కార్డు భర్త చేతిలో ఉన్న మనిషి ఇంకో ఆడమనిషి పక్కన అరగంట కూర్చునే చోటు మీ కుర్చీయే. త్రెడ్డింగ్ చేస్తున్నప్పుడు మీ ముఖం ఆమె చెవికి ఎంత దగ్గరగా ఉంటుందో మీకు తెలుసు. చెవి వెనక కమిలిన మచ్చ, షాంపూ చేస్తుంటే తల ముట్టుకోగానే ఉలిక్కిపడటం, ఒకచోట జుట్టు పీకేసినట్టు ఉండటం ముందుగా కనిపించేది మీకే. అలాగని కనిపించిందల్లా హింస కాదు. కాన్పు తర్వాత, థైరాయిడ్ ఉన్నా జుట్టు ఊడుతుంది. అనుమానం వస్తే తీర్పు చెప్పకండి, అడగండి.

ముందు మీ హక్కు తెలుసుకోండి. ఆ చట్టం మిమ్మల్ని పోలీసుల్ని చేయలేదు. మీరు చూసింది రిపోర్టు చేసి తీరాలని అందులో లేదు. మంచి ఉద్దేశంతో సాయం చేసినా, ఏమీ చేయలేకపోయినా, దాని మీద మీపై కేసు నిలవకుండా రక్షణ ఇచ్చింది. కాబట్టి "మనకెందుకొచ్చిన గొడవ" అని ఓనరు భయపెడితే ఈ మాట చెప్పండి.

అడగాల్సింది ఆమె ఒక్కతే ఉన్నప్పుడు. భర్త ఎదురుగా సోఫాలో కూర్చుంటే "షాంపూ చేద్దాం రండి" అని లోపలికి తీసుకెళ్లండి. "ఇంట్లో అంతా బాగానే ఉందా అమ్మా? ఈ దెబ్బ చూస్తే నాకు బెంగగా ఉంది" అంటే చాలు. చెప్పకపోతే వదిలేయండి. చెబితే మధ్యలో ఆపకుండా వినండి. "పిల్లల కోసం సర్దుకుపో" అనకండి. "ఇవాళే వదిలేసి వచ్చెయ్" అని కూడా అనకండి. ఇల్లు వదిలే సమయమే అన్నిటికంటే ప్రమాదం, దానికి ముందే ప్లాన్ ఉండాలి. ఆ ప్లాన్ వేసేది హాట్‌లైన్ వాళ్లు. మెడ నులిమాడని చెబితే మాత్రం బయటికి మచ్చ లేకపోయినా డాక్టరుకి చూపించుకోమనండి. ప్రాణం మీదికి వస్తే 911.

జాతీయ హాట్‌లైన్ 1-800-799-7233. రోజంతా పనిచేస్తుంది, దుబాసీని లైన్లోకి తెస్తారు. షికాగోలో 1989లో మొదలైన అప్నా ఘర్ వలస కుటుంబాల ఆడవాళ్ల కోసం పనిచేస్తోంది. నంబరు ఆమె ఫోన్లోకి పంపకండి, అతను చూస్తాడు. బాత్రూమ్ తలుపు లోపలివైపు అంటించండి, లేదా సెలూన్ ఫోన్ ఇచ్చి మాట్లాడనివ్వండి.

మనవాళ్లలో బెదిరింపు చాలాసార్లు వీసా మీదే: "నేను సంతకం పెట్టకపోతే ఇండియాకే." అది పూర్తి నిజం కాదు. భర్త సిటిజెన్ లేదా గ్రీన్ కార్డు ఉన్నవాడైతే, అతని సంతకం లేకుండా, అతనికి తెలియకుండా ఆమె సొంతంగా దరఖాస్తు పెట్టుకునే దారి ఉంది. హెచ్-4 మీద ఉన్న బాధితురాలికి వర్క్ పర్మిట్ అడిగే దారీ ఉంది. ఏది వర్తిస్తుందో ఇమిగ్రేషన్ లాయరు తేల్చాలి, మీరు కాదు. దారి ఉందన్న మాట మాత్రం ఆమె చెవిన వేయండి.

ఇక గుడిలో, పాట్‌లక్‌లో నోరు జారకండి. మన ఊళ్లో లాగే ఇక్కడా మాట సాయంత్రానికల్లా అతని దాకా వెళ్తుంది. అతన్ని మీరు నిలదీయకండి, ఆ కోపం ఇంటికెళ్లాక ఆమె మీదే తీర్చుకుంటాడు.

ఆమె వచ్చే నెల మళ్లీ అదే ఇంటి నుంచి రావచ్చు. అప్పుడూ మామూలుగానే పలకరించండి. విన్నదంతా మోయలేక మీకే నిద్ర పట్టకపోతే అదే హాట్‌లైన్‌కి మీరూ ఫోన్ చేయొచ్చు. కస్టమర్ పేరు చెప్పనక్కర్లేదు.