హాజరు పట్టీని అడ్డంగా చదవండి

మే నెల వచ్చిందంటే మన ఇళ్ళల్లో ప్లస్ టూ ఫలితాల మాటే. రాజపాళయం వాళ్ళకు అది జిల్లా పరువు సంగతి కూడా. ప్లస్ టూ ఉత్తీర్ణతలో విరుదునగర్ జిల్లా తమిళనాడు మొత్తానికి మొదటి స్థానంలో నిలిచిన సంవత్సరాలు ఎన్నో ఉన్నాయి. సంతోషించవలసిన విషయమే. కాని కామర్సు చదివి, బ్యాంకులో లెక్కలతో బతుకుతున్నవాణ్ణి కనుక నాకొక సందేహం వస్తూ ఉంటుంది. నూటికి తొంభై ఆరు మంది పాసయ్యారంటే ఆ నూరుగురూ ఎవరు? పరీక్ష రాసినవారు. ఆరో తరగతిలో వాళ్ళ పక్కనే కూర్చుని, ఎనిమిదిలో వారానికి రెండు రోజులు మానేసి, తొమ్మిదిలో పూర్తిగా రావడం మానుకున్న అమ్మాయి ఆ నూరుగురిలో లేదు. ఆమె తప్పిందని కూడా ఎవరూ రాయరు. ఆమె కథ అంతా ఉన్నది ఒక్కచోటే, బడి హాజరు పట్టీలో.

ఆ పట్టీని మనం సరిగ్గా చదువుతున్నామా అన్నదే ఈ వ్యాసం.

రెండు కూడికలు

హాజరు పట్టీలో పేర్లు పైనుంచి కిందికి ఉంటాయి, తేదీలు ఎడమనుంచి కుడికి. టీచరు రోజూ నిలువుగా కూడి, ఈవేళ ఎంతమంది వచ్చారో అడుగున వేస్తుంది. పైఅధికారులు అడిగేది ఆ అంకెనే. నలభైమంది తరగతిలో ముప్పై ఆరుగురు వస్తే తొంభై శాతం. బాగానే ఉందనుకుంటాం.

ఇప్పుడు రెండు తరగతులను ఊహించుకోండి. రెండింటిలోనూ నలభైమందే, రెండింటిలోనూ రోజుకు నలుగురు రారు. మొదటి తరగతిలో ఈ రోజు ఒక నలుగురు, రేపు మరో నలుగురు. రెండో తరగతిలో ఏడాది పొడుగునా ఆ నలుగురే. నిలువు కూడికలో రెండు తరగతులూ ఒకటే. అడ్డంగా, అంటే ఒక్కొక్క పేరు ఎదుట కూడితే, మొదటి దానిలో ఒక్కొక్కరూ ఇరవై రోజుల చదువు పోగొట్టుకున్నారు, రెండో దానిలో నలుగురు పిల్లలు మొత్తం చదువే పోగొట్టుకున్నారు. బ్రాంచిలో మొత్తం బాకీ ఎంతో తెలిస్తే చాలదు, ఎవరి ఖాతా ఆగిపోయిందో తెలియాలి గదా! ఇదీ అంతే.

మొదటి తరగతి సంగతి కూడా తేలికగా తీసుకోవలసింది కాదు. 2009 నాటి విద్యాహక్కు చట్టం ఒకటి నుంచి ఐదు తరగతులకు ఏడాదికి కనీసం 200 పని దినాలు, ఆరు నుంచి ఎనిమిదికి 220 పని దినాలు ఉండాలని చెప్పింది. నెలకు రెండు రోజులు బడి మానడం మన కంటికి ఆనదు. పది నెలల్లో అది ఇరవై రోజులు. పది తరగతులు పూర్తయ్యేసరికి రెండు వందల రోజులు, అంటే ఒక పూర్తి సంవత్సరం. అమెరికాలో ఏడాదిలో పదోవంతు రోజులు రాని విద్యార్థిని, కారణం ఏదైనా సరే, ప్రత్యేకంగా గమనించవలసినవాడిగా లెక్కిస్తారు. జ్వరం వచ్చి మానినా, పెళ్ళికి వెళ్ళి మానినా పోయిన పాఠం పోయినట్టే. రికరింగ్ డిపాజిట్టులో తప్పిన వాయిదాను జరిమానాతో కట్టవచ్చు. తప్పిన పాఠానికి ఆ సదుపాయం ఎక్కడా లేదు.

ఆకలి అనే కారణం

పిల్లలు బడికి రాకపోవడానికి ఒక పెద్ద కారణాన్ని మన ప్రాంతం చాలా ముందే పట్టుకుంది. ఆ పని మొదలుపెట్టినవారిలో తెలుగువారు ఉన్నారని మన పిల్లలకు చెప్పాలి. మద్రాసు కార్పొరేషన్ అధ్యక్షుడుగా ఉన్న సర్ పిట్టి త్యాగరాయ చెట్టిగారు తెలుగు దేవాంగుల కుటుంబానికి చెందినవారు. ఆయన హయాంలో 1920లో థౌజండ్ లైట్స్ ప్రాంతంలోని కార్పొరేషన్ బడిలో మధ్యాహ్నం తిండి పెట్టడానికి తీర్మానం జరిగింది. తలకు రోజుకు ఒక అణాకు మించకూడదని నిబంధన. డబ్బు చిక్కుల వల్ల 1925లో ఆ ఏర్పాటుకు అంతరాయం కలిగింది గాని, ఆ ఆలోచన మాత్రం చావలేదు.

చిన్నతనంలోనే చదువు ఆగిపోయిన విరుదునగర్ బిడ్డ కామరాజ్ గారు ముఖ్యమంత్రి అయ్యాక, 1956లో విద్యాశాఖ డైరెక్టరు ఎన్.డి. సుందరవడివేలు గారి తోడ్పాటుతో మధ్యాహ్న భోజనాన్ని రాష్ట్రమంతటికీ తీసుకువెళ్ళారు. ఊళ్ళలో దాతలు కూడా చేయి వేశారు. 1982లో ఎం.జి.ఆర్. గారు దాన్ని పౌష్టికాహార పథకంగా విస్తరించారు. 2001లో సుప్రీంకోర్టు వండిన భోజనం దేశమంతటా పెట్టాలని ఆదేశించింది. ఆంధ్రప్రదేశ్‌లో అది 2003లో మొదలైంది. ఇక తమిళనాడులో 2022 సెప్టెంబరు 15న మదురైలో ఉదయం ఫలహారం పథకం ప్రారంభమైంది. మొదట 1,545 ప్రభుత్వ బడులలో, మరుసటి ఏడు ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలన్నిటిలో.

ఈ వరసలో మనం నేర్చుకోవలసింది ఒకటుంది. ఆ పెద్దలెవరూ పిల్లవాణ్ణి ‘ఎందుకు రాలేదురా’ అని గద్దించి ఊరుకోలేదు. కారణం ఫలానా అని కనుక్కుని, దానికి మందు వేశారు. ఇప్పుడు మిగిలినవి ఆకలి తీరినా తీరని కారణాలు. వాటిని కూడా అలాగే ఒక్కొక్కటిగా వెతకాలి.

మన ఊరి కారణాలు

1936లో పి.ఎ.సి. రామస్వామి రాజాగారు రాజపాళయం మిల్స్ స్థాపించిన నాటి నుంచి మన ఊరి గడియారం మిల్లు షిఫ్టుల ప్రకారం నడుస్తున్నది. తల్లి పగటి షిఫ్టుకు వెళితే చంటిబిడ్డను ఎవరు చూడాలి? చాలా ఇళ్ళల్లో జవాబు ఒకటే: పెద్దకూతురు. ఆ పిల్ల మానేది బద్ధకంతో కాదు, బాధ్యతతో. ఆమెకు నీతులు చెప్పి లాభం లేదు, చెల్లెలిని చూసుకునే మనిషి కావాలి. ముప్పైమందికి మించి మహిళలు పనిచేసే చోట పసిపిల్లల గది ఉండాలని 1948 ఫ్యాక్టరీల చట్టమే చెప్పింది. అది పసివాళ్ళకోసం పెట్టిన నియమమే అయినా, మేలు పొందేది బడికి వెళ్ళగలిగిన అక్క కూడా.

సత్రపట్టి వైపు బ్యాండేజీ గుడ్డ నేసే మగ్గాలున్నాయి. పని ఇంటి గుమ్మంలోనే ఉంటే పిల్లలు చేయి వేయకుండా ఎలా ఉంటారు? 2016 చట్ట సవరణ పధ్నాలుగేళ్ళ లోపు పిల్లలు ఇంటి పనిలో సాయం చేయడాన్ని బడి వేళలు దాటాక, సెలవుల్లో మాత్రమే అనుమతించింది. ఆ గీత ఎక్కడుందో తల్లిదండ్రులకు తెలియజెప్పాలి. పక్కనున్న శివకాశిలో అగ్గిపెట్టెలు, బాణసంచా పనుల్లో పిల్లల బాల్యం ఎలా కరిగిపోయిందో దేశమంతా చూసింది. ఆ కేసులోనే 1996లో సుప్రీంకోర్టు పిల్లలను పనిలో పెట్టుకున్న యజమాని తలకు ఇరవై వేల రూపాయలు కట్టాలని తీర్పు చెప్పింది.

జబ్బులు ఇంకో కారణం. కెన్యాలో బడిపిల్లలకు నులిపురుగుల మాత్రలు ఇచ్చి చూస్తే గైర్హాజరు సుమారు నాలుగోవంతు తగ్గిందని 2004లో ప్రచురితమైన ఒక ప్రసిద్ధ అధ్యయనం చెప్పింది. మన దేశంలో కూడా 2015 నుంచి ఆ మాత్రలు ఒక నిర్ణీత రోజున బడులలో వేస్తున్నారు. ఆ రోజు మన బిడ్డ బడిలో ఉండేలా చూసుకోవాలి. ఇక ఈడొచ్చిన ఆడపిల్ల నెలనెలా మూడు రోజులు మానుతున్నదంటే ముందు ఆ బడి మరుగుదొడ్డికి గడియ, నీళ్ళు ఉన్నాయేమో చూడండి.

ఇటీవల మిల్లుల్లో పనికి ఉత్తరాది నుంచి కుటుంబాలు వస్తున్నాయి. వాళ్ళ పిల్లలకు తమిళం రాదు. అర్థం కాని తరగతిలో ఏ పిల్లవాడు ఎన్నాళ్ళు కూర్చుంటాడు? మన పూర్వులూ ఇలాగే మూటాముల్లె కట్టుకుని ఈ గడ్డకు వచ్చినవారే. ఇంట్లో ఒక భాష, వీధిలో ఒక భాషగా పెరగడం ఎలాగో మనకు తెలిసినంతగా మరెవరికి తెలుసు?

మొదటి వాయిదా తప్పిన రోజే

బ్యాంకులో అప్పు వాయిదా తొంభై రోజులు దాటితే మొండిబాకీ లెక్కలోకి పోతుంది. అందుకని మేము తొంభయ్యో రోజుదాకా ఆగం. మొదటి నెలలోనే ఫోను చేస్తాం, ఇంటికి వెళతాం. మొదట్లో మనిషి ముఖం చాటేయడు, ఇబ్బంది చెప్పుకుంటాడు. ఆలస్యమైన కొద్దీ సిగ్గు, ఆ తర్వాత మొండితనం. బడి మానిన పిల్లవాడి సంగతీ అంతే. మూడు రోజులు మానినవాణ్ణి తీసుకురావడం తేలిక. మూడు నెలలు మానినవాడు పాఠంలో వెనకబడ్డాననే భయంతో రాడు.

ఆంధ్రప్రదేశ్‌లో 2020లో వచ్చిన అమ్మఒడి పథకం 75 శాతం హాజరు ఉంటే తల్లి ఖాతాలో డబ్బు వేస్తామని చెప్పింది. పేద తల్లికి అది పెద్ద ఊరటే. కాని ఏడాదికి ఒకసారి వచ్చే డబ్బు, ఆగస్టులో మానిన పిల్లవాణ్ణి ఆగస్టులోనే వెనక్కి పిలవలేదు. దానికి తలుపు తట్టే మనిషి కావాలి. 1991 నుంచి రంగారెడ్డి జిల్లా పల్లెల్లో శాంతా సిన్హాగారి నాయకత్వాన ఎం.వి. ఫౌండేషన్ చేసిన పని అదే. ఊరి యువకులు ఇంటింటికీ తిరిగి తల్లిదండ్రులతో, యజమానులతో మాట్లాడారు. చాలాకాలం బడికి దూరమైన పిల్లలను నేరుగా తరగతిలో పడేయకుండా, శిబిరాలలో కొన్నాళ్ళు చదివించి వయసుకు తగిన తరగతిలో చేర్చారు. శాంతా సిన్హాగారికి 2003లో మెగసెసే అవార్డు వచ్చింది.

అందుచేత మన సభ్యులలో పాఠశాల యాజమాన్య సంఘాల్లో ఉన్నవారికి నా విన్నపం. నెలాఖరున హెడ్మాస్టరుగారిని సగటు శాతం అడగకండి. ‘ఈ నెలలో మూడు రోజులకు మించి రానివారి పేర్లు ఏవి?’ అని అడగండి. ఒక్కొక్క పేరు ఎదుట కారణం రాయించండి. ఆ ఇంటికి ఎవరు వెళ్ళారో రాయించండి. వెళ్ళినవారు ముందుగా అడగవలసింది ‘పాప కులాసాగా ఉందా?’ అని. ఆలస్యంగా వచ్చిన పిల్లను గేటు దగ్గరనుంచే తిప్పి పంపే పద్ధతి ఉంటే మానిపించండి. పది నిమిషాల ఆలస్యానికి ఒక రోజు చదువును శిక్షగా వేయడం ఏ లెక్కలోనూ న్యాయం కాదు.

మన ఇళ్ళ సంగతి

ఇది పేదవాళ్ళ పిల్లల గురించే అనుకుని పేజీ తిప్పకండి. మన బంధువులు మద్రాసునుంచి విజయనగరందాకా ఉన్నారు. ఒక పెళ్ళంటే ప్రయాణానికి రెండు రోజులు, పెళ్ళికి రెండు రోజులు, బడలిక తీరడానికి ఒక రోజు. ఏడాదికి నాలుగు పెళ్ళిళ్ళయితే ఇరవై రోజులు అక్కడే తీరిపోయాయి. చుట్టరికాలు వదులుకోమని ఎవరూ అనరు. పెద్దలు నాలుగు రోజులుండి, పిల్లలు ముహూర్తం చూసుకుని తాతగారితోనో బాబాయితోనో తిరిగి రావచ్చు. శుభలేఖ వేసేవారు సెలవు రోజుల్లో వచ్చే ముహూర్తాన్ని అడిగితే పురోహితులు కాదనరు.

రాజపాళయంలో పుట్టి 1949 నుంచి 1952 వరకు మద్రాసు రాష్ట్రాన్ని పాలించిన పి.ఎస్. కుమారస్వామి రాజాగారు తన ఇంటినే గాంధీ కలై మన్రానికి ఇచ్చేశారు. అంత త్యాగం మనల్ని ఎవరూ అడగడం లేదు. ఈ నెల మీ పిల్లల ప్రోగ్రెస్ కార్డు మీద సంతకం పెట్టేముందు మార్కుల కన్నా ముందు హాజరు గడి చూడండి. ఆ తర్వాత మీ ఇంట్లో, మీ మిల్లులో, మీ అంగడిలో పనిచేసేవారిని ‘మీ పాప ఈ వారం ఎన్ని రోజులు బడికి వెళ్ళింది?’ అని అడగండి. జవాబు చెప్పడానికి వాళ్ళు తడబడితే, మన పని అక్కడే మొదలవుతుంది.