ఆక్సోలాటల్ తొట్టిలో నీటి వడి తగ్గించేదెలా?



ఈసారి గోడపత్రికలో ఒక విచిత్రమైన నీటి జీవి గురించి రాస్తున్నాను. దాని పేరు ఆక్సోలాటల్. ఇది మన దేశానిది కాదు. మెక్సికో దేశంలో, మెక్సికో నగరానికి దక్షిణాన ఉన్న సోచిమిల్కో అనే చోట పుట్టిన జీవి. ఇప్పుడు చాలా దేశాల్లో దీన్ని గాజు తొట్టిలో ముచ్చటగా పెంచుతున్నారు. పెంచేవాళ్లకు తరచుగా ఒక చిక్కు వస్తుంది. నీళ్లు శుభ్రం చేసే ఫిల్టర్ నుంచి నీరు వడిగా వస్తే ఆ జీవి తట్టుకోలేదు. "అయితే ఫిల్టర్ ఆపేస్తే సరిపోతుంది కదా!" అని మీరు అనొచ్చు. ఆపకూడదు. ఎందుకో, మరి ఏం చెయ్యాలో చూద్దాం.

ఇది ఎలాంటి జీవి?

ఆక్సోలాటల్ కప్పకు చుట్టం, అంటే ఉభయచరం. కప్పకు చిన్నప్పుడు మొప్పలు ఉండి పెద్దయ్యాక పోతాయని మనం చదువుకున్నాం. ఆక్సోలాటల్‌కు మాత్రం గుడ్లు పెట్టే వయసు వచ్చినా మొప్పలు పోవు. తల వెనక ఒక్కో పక్క 3 చొప్పున మొత్తం 6 మొప్పలు ఈకల్లాగ బయటికే ఉంటాయి. ఒళ్లు 20 నుంచి 30 సెంటీమీటర్ల పొడవు ఉంటుంది. కాలు తెగిపోతే మళ్లీ మొలుస్తుంది! బాగా చూసుకుంటే 10 ఏళ్ల పైనే బతుకుతుంది.

సోచిమిల్కో ఒకప్పుడు పెద్ద సరస్సు. ఇప్పుడు కాలువలే మిగిలాయి. ఆ కాలువల మధ్య బురద, మొక్కలు పేర్చి కట్టిన పొలాలు ఉంటాయి. వాటిని చినాంపాలు అంటారు. అక్కడి నీరు చల్లగా ఉంటుంది, దాదాపు కదలదు. ఆక్సోలాటల్ ఆ నీటి అడుగున నెమ్మదిగా నడుస్తుంది. రోజంతా వడికి ఎదురీదే ఒళ్లు కాదు దానిది.

మన గెడ్డలో చేపపిల్లల్ని చూడండి. అవి వడికి ఎదురీదగలవు. అయినా అలిసిపోతే పెద్ద రాయి వెనక్కి చేరతాయి. అక్కడ నీరు నిదానం. మరి తొట్టిలో ఉన్న జీవి ఎక్కడికి పోతుంది? చుట్టూ నాలుగు గాజు గోడలే కదా.

వడి ఎక్కువైందని ఎలా తెలుస్తుంది?

• మొప్పలు ఎప్పుడూ ముందుకు వంగి ఉంటాయి.
• తోక చివర కొక్కెంలాగ మెలి తిరుగుతుంది.
• ఒకే మూలన నక్కి ఉంటుంది. నడవబోతే నీరు తోసేస్తుంది.
• వానపాములు వేసినా సరిగా తినదు.

నీరు వేడెక్కినా, పాడైనా కూడా ఈ గుర్తులు కనిపించొచ్చు. అందుకని అవి కూడా చూసుకోవాలి. వడి చూడ్డానికి సులువు దారి ఒకటుంది. చిన్న ఆకు ముక్క తొట్టిలో వెయ్యండి. అది గిరగిరా తిరుగుతూ పరుగెడితే వడి ఎక్కువ ఉన్నట్టే.

ఫిల్టర్ ఎందుకు ఆపకూడదు?

ఆక్సోలాటల్ విసర్జించే దాన్నుంచి, తినకుండా వదిలేసిన మేత నుంచి నీటిలో అమ్మోనియా చేరుతుంది. అది విషం. ఫిల్టర్ లోపల స్పాంజి మీద కంటికి కనపడని బాక్టీరియా ఉంటుంది. అది అమ్మోనియాను నైట్రైట్‌గా, తరవాత నైట్రేట్‌గా మారుస్తుంది. నైట్రైట్ కూడా విషమే. నైట్రేట్ అంత హాని చెయ్యదు, నీళ్లు మార్చినప్పుడు పోతుంది. ఈ బాక్టీరియాకు ఆక్సిజన్ కావాలి. ఫిల్టర్ ఆపితే ఆక్సిజన్ అందక అది చస్తుంది. అప్పుడు వడి పోయింది అనుకుంటాం గానీ, విషం మొదలవుతుంది. కాబట్టి నీటిని ఆపకూడదు, నీటి వడిని తగ్గించాలి. ఈ రెండూ వేరు వేరు.

గెడ్డ నేర్పిన లెక్క

మా ఊళ్లో పెద్దవాళ్లు బడికి వెళ్లలేదు. కానీ వానాకాలంలో గెడ్డ దాటేటప్పుడు, "ఇరుకు కాడ దిగొద్దు, లాగేత్తాది. యెడల్పు కాడ దాటండి" అని చెబుతారు. ఎందుకంటే అదే నీరు రెండు రాళ్ల మధ్య నుంచి వస్తే ఉరుకుతుంది, వెడల్పుగా పరుచుకుంటే నిదానిస్తుంది. ఇది భౌతికశాస్త్రమే!

లెక్క చూడండి. ఒక ఫిల్టర్ గంటకు 360 లీటర్ల నీటిని తోస్తుంది అనుకుందాం. అంటే సెకనుకు 100 ఘనపు సెంటీమీటర్లు. అది 1 చదరపు సెంటీమీటరు రంధ్రం నుంచి వస్తే దాని వడి సెకనుకు 100 సెంటీమీటర్లు. అదే నీరు 50 చదరపు సెంటీమీటర్ల స్పాంజి గుండా వస్తే సెకనుకు 2 సెంటీమీటర్లే. నీరు ఒక్క చుక్క కూడా తగ్గలేదు, వడి మాత్రం 50 రెట్లు తగ్గింది.

ఏం చెయ్యాలి?

1. నీరు వచ్చే గొట్టం మూతిని గాజు గోడ వైపు తిప్పాలి. నీరు గోడకు తగిలి, చెదిరి, నిదానిస్తుంది.

2. ఆ మూతికి ముతక స్పాంజి తొడగాలి. స్పాంజి మురికితో మూసుకుపోతే తొట్టిలోంచి తీసిన నీళ్లలోనే పిండాలి. క్లోరిన్ కలిపిన కుళాయి నీళ్లలో కడిగితే దాని మీద చేరిన బాక్టీరియా చస్తుంది.

3. ఒక్క మూతికి బదులు వరసగా చాలా రంధ్రాలున్న పొడుగు గొట్టం పెట్టాలి. ఆ రంధ్రాలు గోడ వైపు గానీ పైకి గానీ ఉండాలి. నీటి పైభాగం కొంచెం కదిలితే చాలు, గాలి నీటిలో కలుస్తుంది.

4. నీరు పడే చోటుకు ఎదురుగా నున్నటి పెద్ద రాయి, మట్టి కుండ, నీటి మొక్కలు పెట్టాలి. రాయి ఆక్సోలాటల్ తల కంటే పెద్దది ఉండాలి. చిన్న రాళ్లయితే మింగేస్తుంది.

5. బయట పెట్టే పెద్ద ఫిల్టర్‌కు తిప్పే మర ఉంటే, నీరు బయటికి వచ్చే వైపు మాత్రమే తగ్గించాలి. నీరు లోపలికి పోయే వైపు బిగిస్తే మోటారు పాడవుతుంది.

6. అన్నిటికంటే మంచిది గాలి పంపుతో నడిచే స్పాంజి ఫిల్టర్. గాలి బుడగలు పైకి పోతూ నీటిని స్పాంజి గుండా మెల్లగా లాగుతాయి. వడి చాలా తక్కువ.

ఏది చేసినా మర్నాడు మళ్లీ ఆకు ముక్క వేసి చూడాలి. మొప్పలు వెనక్కి విచ్చుకుని, మేత తింటే మీ పని ఫలించినట్టే.

మనం పెంచొచ్చా?

దానికి 16 నుంచి 18 డిగ్రీల చల్లని నీరు కావాలి. 24 దాటితే ప్రమాదం. మన కొండల్లో చలికాలం సరిపోవచ్చు గానీ ఎండాకాలం సరిపోదు. నీటిని చల్లబరిచే యంత్రం లేకుండా తెచ్చుకోవడం దాన్ని హింసించడమే. పెంచలేమని గెడ్డలో వదలడం ఇంకా తప్పు. సోచిమిల్కోలో ఆహారం కోసం వదిలిన కార్ప్, తిలాపియా చేపలు ఆక్సోలాటల్ గుడ్లను, పిల్లల్ని తినేశాయి. మురికినీరు మిగతా పని చేసింది. 1998లో అక్కడ ఒక చదరపు కిలోమీటరుకు సుమారు 6000 ఉండేవని, 2014లో 36 మాత్రమే ఉన్నాయని లెక్క తేలింది.

1864లో 34 ఆక్సోలాటల్‌లు పారిస్ నగరానికి చేరాయి. వాటి సంతానం ఎన్నో ప్రయోగశాలలకు వెళ్లింది. ఇప్పుడు సొంత సరస్సులో కంటే గాజు తొట్లలోనే ఈ జీవులు ఎక్కువ ఉన్నాయి. ఆ తొట్టే వాటికి ఊరూ, గెడ్డా. అక్కడ కూడా నిలబడనివ్వకపోతే ఎలా?

మూగజీవి నోరు తెరిచి చెప్పలేదు. దాని మొప్పలు చెబుతాయి. చూసేవాళ్లు ఉండాలి.

గుర్తుంచుకోండి: నీరు ఆపొద్దు, వడి తగ్గించండి.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని