సైకిల్ వీరుణ్ని బతికించిన ప్లాటినం

ఆషాఢంలో ఆలూరు నుంచి బళ్లారి దిక్కుకు సైకిల్ తొక్కినవాళ్లను అడగండి, ఊపిరి విలువేమిటో చెబుతారు. పడమటి గాలి నల్లరేగడి చేల మీదుగా అడ్డూ ఆపూ లేకుండా వస్తుంది. పెడల్ మీద లేచి నిలబడి తొక్కినా బండి కదలదు. క్యారియర్‌కు రెండు పక్కలా నీళ్ల బిందెలు కట్టుకొని ఆ గాలికి ఎదురొచ్చే మనిషిని చూస్తే, కాళ్ల కంటే ముందు రొమ్ము కంటబడుతుంది. కొలిమి తిత్తిలా ఎగసిపడుతుంటుంది. సైకిల్ పందెం కాళ్ల ఆటలా కనిపిస్తుంది గానీ, ఊపిరితిత్తులూ రక్తమూ సహకరించకపోతే కాళ్లు చేయగలిగింది ఏమీ లేదు.

అలాంటి ఆటే బతుకుదెరువైన అమెరికా యువకుడు లాన్స్ ఆర్మ్‌స్ట్రాంగ్. 1996 అక్టోబర్ 2న అతనికి వృషణ క్యాన్సర్ అని తేలింది. అప్పటికి వయసు 25. ఒక వృషణం వాచి చాలా రోజులైనా, సీటు మీద ఒత్తిడి వల్లేలే అని ఊరుకున్నాడు. దగ్గితే రక్తం పడ్డాక గానీ డాక్టరు దగ్గరికి పోలేదు. అప్పటికే జబ్బు పొట్టలోకి, ఊపిరితిత్తుల్లోకి, మెదడులోకి పాకింది. అలాంటివాడు 1998లో మళ్లీ పందేలకు వచ్చి, 1999లో టూర్ డి ఫ్రాన్స్ గెలిచాడు. మూడు వారాలు, మూడు వేల పైచిలుకు కిలోమీటర్లు, ఆల్ప్స్, పిరనీస్ కొండలు. 2005 దాకా వరసగా ఏడుసార్లు అతనిదే గెలుపు. 2004లో అతని క్యాన్సర్ సేవా సంస్థ తెచ్చిన పసుపుపచ్చ రబ్బరు కంకణాలను లక్షలాది మంది చేతికి వేసుకున్నారు.

క్యాన్సర్ నుంచి ఆటగాడు తిరిగొచ్చే అలాంటి రోజు మనకూ ఒకటి ఉంది. 2012 సెప్టెంబర్ 8, విశాఖపట్నం. 2011 ప్రపంచ కప్‌లో 362 పరుగులు చేసి, 15 వికెట్లు తీసిన యువరాజ్ సింగ్, రొమ్ములోని కణితికి అమెరికాలో కీమోథెరపీ చేయించుకొని న్యూజిలాండ్‌పై టీ20తో తిరిగి ఆడాల్సిన రోజు. ఆలూరులో ఓ టీ కొట్టు టీవీ ముందు మేం పదిమందిమి కూర్చున్నాం. విశాఖలో వాన. మోడం కోసం ఏడాదంతా ఆకాశం వైపు చూసే ఊరివాళ్లం, ఆ సాయంత్రం మాత్రం వాన ఆగితే చాలని మొక్కుకున్నాం. ఆగలేదు. ఒక్క బంతి పడకుండానే ఆట రద్దయింది. మూడు రోజుల తర్వాత చెన్నైలో యువరాజ్ 26 బంతుల్లో 34 కొట్టాడు. ఒక్క పరుగుతో ఓడిపోయామన్న బాధ ఆ రాత్రి మాలో ఎవరికీ లేదు.

ఈ ఇద్దరి చుట్టూ అభిమానులు అల్లుకున్న కథ ఒకటే: మొండి ధైర్యం క్యాన్సర్‌ను గెలిచింది. నేనూ చాలాకాలం అలాగే నమ్మాను. అసలు సంగతి వేరు. ఇద్దరికీ వైద్యం జరిగింది ఇండియానాపొలిస్‌లో, లారెన్స్ ఐన్‌హార్న్ అనే వైద్యుడు పనిచేసిన ఇండియానా విశ్వవిద్యాలయంలోనే. ఒకరిది వృషణంలో, ఒకరిది రెండు ఊపిరితిత్తుల నడుమ. మరి ఇద్దరూ ఒకే చోటికి ఎందుకు పోయారు?

తల్లి కడుపులో పిండం ఇంకా నలుసుగా ఉన్నప్పుడు, రేపటి బీజకణాలు వృషణాల్లో పుట్టవు. పచ్చసొన సంచిలో కనబడి, అక్కణ్నుంచి ఒంటి నడిమి గీత వెంట నడుచుకుంటూ తమ చోటికి చేరతాయి. దారిలో కొన్ని తప్పిపోతాయి. రొమ్ము నడుమ చిక్కుకుపోయిన అలాంటి కణాల నుంచే ఎన్నో ఏళ్ల తర్వాత అక్కడ కణితి లేస్తుందని వైద్యులు భావిస్తారు. చోటు వేరైనా జాతి ఒకటే, బీజకణ కణితి. కాబట్టి మందూ ఒకటే.

ఆ మందు పేరు సిస్‌ప్లాటిన్. నగల అంగట్లో బంగారం పక్కన పెట్టి అమ్మే ప్లాటినమే దాని గుండెకాయ. 1965లో మిషిగన్ స్టేట్ విశ్వవిద్యాలయంలో బార్నెట్ రోజెన్‌బర్గ్ అనే శాస్త్రవేత్త బాక్టీరియా ఉన్న ద్రవంలో ప్లాటినం తీగలు పెట్టి కరెంటు పంపాడు. బాక్టీరియా చీలడం మానేసి, నూలుపోగుల్లా పొడవుగా సాగిపోయాయి. కరెంటు వల్ల అనుకున్నారు. వెతికితే తేలిందేమంటే, తీగ నుంచి కరిగిన ప్లాటినం రెండు క్లోరిన్‌లు, రెండు అమోనియాలతో కలిసి చేసిన పని అది. చీలడం ఆపగలిగితే, అదుపు లేకుండా చీలే క్యాన్సర్ కణాన్నీ ఆపవచ్చు కదా అన్న ఆలోచన అక్కడ పుట్టింది.

కణం బయట రక్తంలో క్లోరైడ్ ఉప్పు ఎక్కువ కాబట్టి ఆ మందు అక్కడ కుదురుగా ఉంటుంది. కణం లోపల ఉప్పు తక్కువ. లోపలికి పోగానే క్లోరిన్‌లు ఊడిపోతాయి, ప్లాటినానికి రెండు చేతులు ఖాళీ అవుతాయి. ఆ రెండు చేతులతో డీఎన్‌ఏలో పక్కపక్కనున్న, గ్వానిన్ అనే రెండు భాగాలను పట్టుకుంటుంది. మెట్లనిచ్చెనలాంటి డీఎన్‌ఏ ఆ చోట వంగిపోతుంది. చాలా క్యాన్సర్ కణాలు ఆ వంపును సరిచేసుకొని బతికిపోతాయి. బీజకణ కణితికి ఆ మరమ్మతు సరిగ్గా రాదు. పైగా, దెబ్బతిన్న కణాన్ని చచ్చిపొమ్మని ఆజ్ఞాపించే పీ53 అనే ప్రోటీన్ చాలా క్యాన్సర్లలో చెడిపోయి ఉంటే, ఇందులో చాలావరకు చెడకుండా ఉంటుంది. అందుకే ఒళ్లంతా పాకినా ఈ క్యాన్సర్ మందుకు లొంగుతుంది. 1974లో ఐన్‌హార్న్ మరో రెండు మందులతో కలిపి సిస్‌ప్లాటిన్‌ను చివరి దశలో ఉన్న ఓ కాలేజీ విద్యార్థికి ఇచ్చాడు. అతను బతికాడు. అంతకు ముందు ఇలా పాకిన జబ్బుతో నూటికి పదిమంది బతకడం గగనం. ఇప్పుడు దాదాపు ఎనభై మంది బతుకుతున్నారు.

ఇక్కడ తెలుగువాళ్లం ఒక పేరు తలచుకోకుండా పోకూడదు. పాకిపోయిన గట్టి కణితిని కేవలం మందుతో మాన్పవచ్చని మొదట రుజువైంది 1956లో, స్త్రీలకు గర్భం తర్వాత వచ్చే కోరియోకార్సినోమా విషయంలో. ఆ మందు మెథోట్రెక్సేట్. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నడిపిన లెడర్లే పరిశోధనశాల నుంచి వచ్చింది అది. ఆయన 1948లోనే పోయాడు, ఆ ఫలితం చూడలేదు. ఆర్మ్‌స్ట్రాంగ్ కణితిలోనూ కోరియోకార్సినోమా పాలు ఉంది.

వైద్యులు అతని కోసం చేసిన ఇంకో పని నాకు ఎంతో గొప్పగా తోస్తుంది. మామూలుగా సిస్‌ప్లాటిన్‌తో పాటు ఇచ్చే బ్లియోమైసిన్ కొందరి ఊపిరితిత్తులను గట్టిపరుస్తుంది. సైకిల్ తొక్కేవాడికి ఊపిరి తగ్గితే బతుకుదెరువు పోయినట్టే. అందుకని దాన్ని తీసేసి ఐఫోస్ఫమైడ్ పెట్టారు. కడుపులో తిప్పడం, వాంతులు ఎక్కువే, కానీ ఊపిరి మిగిలింది. ఆ ఒక్క నిర్ణయం లేకుంటే తర్వాతి కథే లేదేమో.

ఆ కథ ఎలా ముగిసిందో కూడా చెప్పాలి. విశాఖలో వాన పడిన నెలన్నరకే, 2012 అక్టోబర్ 22న, అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య ఆర్మ్‌స్ట్రాంగ్ ఏడు టైటిళ్లూ రద్దు చేసింది. 2013 జనవరిలో అతనే టీవీలో ఒప్పుకున్నాడు: ఈపీఓ, రక్తం ఎక్కించుకోవడం, టెస్టోస్టిరాన్. ఎర్ర రక్తకణాలు చేయమని ఎముకల మూలుగకు కబురు పంపే హార్మోన్ ఈపీఓ, మన మూత్రపిండాలే తయారుచేస్తాయి. కీమోతో రక్తం తగ్గిన రోగికి అది మేలు చేసే మందు. ఆరోగ్యవంతుడు పొడిపించుకుంటే ఆక్సిజన్ మోసే కణాలు పెరిగి కొండ ఎక్కడం తేలికవుతుంది. రక్తం మరీ చిక్కబడితే గడ్డకట్టి ప్రాణం మీదికి వస్తుంది.

అభిమానులు మోసపోయారు, కోపం న్యాయమే. కానీ టైటిళ్లతో పాటు బతకడాన్ని కూడా అబద్ధమని కొట్టిపారేయడం తప్పు. మెదడులోకి పాకిన జబ్బు నుంచి అతను లేచి రావడం నిజం. దాన్ని చేసింది ప్లాటినం, శస్త్రచికిత్స, వైద్యుల తెలివి. ధైర్యం వాంతులను ఓర్చుకోవడానికి పనికొస్తుంది, కణాన్ని చంపదు. చంపుతుందని చెబితే, అంతే ధైర్యంగా ఉండి కూడా చనిపోయినవాళ్లకు అన్యాయం చేసినట్టే.

వృషణ క్యాన్సర్ మన దేశంలో అరుదు, ఏటా లక్ష మంది మగవాళ్లలో ఒకరికన్నా తక్కువ. వచ్చేది మాత్రం ఎక్కువగా పదిహేను, ముప్పై అయిదేళ్ల మధ్య, పని చేసే వయసులో. మొదట్లోనే పట్టుకుంటే దాదాపు అందరూ బతుకుతారు. తమ్ముళ్లారా, బీజంలో నొప్పి లేని గడ్డ చేతికి తగిలితే సిగ్గుపడి దాచుకోవద్దు, పసరు కట్టించుకుంటూ నెలలు పోగొట్టుకోవద్దు. ఆదోనికో కర్నూలుకో పోయి డాక్టరుకు చూపించి, అల్ట్రాసౌండ్ తీయించుకోండి. క్యాన్సర్ అని తేలితే వైద్యానికి ప్రభుత్వ పథకం ఎన్టీఆర్ వైద్యసేవ ఉంది.