ఇంజను గోడలో తేనెపట్టు

కుళాయి కింద బిందె పెట్టి వంటింట్లోకి వెళ్లినా, అది నిండబోతున్న సంగతి చెవికి తెలిసిపోతుంది. మొదట బొంగురుగా ఉన్న శబ్దం నీళ్లు పైకొస్తున్నకొద్దీ సన్నబడుతుంది. లోపల ఖాళీ తగ్గేకొద్దీ స్వరం పెరుగుతుందన్నమాట. జెట్ ఇంజను మోతను అణచే విద్యల్లో ఒకటి ఇలాంటి ఖాళీ మీదే నడుస్తోంది.

మెట్లెక్కి విమానంలోకి వెళ్లేచోట ఇంజను నోటిలోకి ఒకసారి తొంగి చూడండి. మెరిసే అంచు దాటాక లోపలి గోడ నిండా సుమారు మిల్లీమీటరు వెడల్పు చిల్లులు, వేలకు వేలు. ఆ రేకు వెనక తేనెపట్టులాగా ఆరు పలకల గదులు, వాటి వెనక చిల్లులేని గట్టి పలక. దీన్ని అకూస్టిక్ లైనర్ అంటారు. ఆ గదుల్లో దూది లేదు, స్పాంజి లేదు. ఉన్నది గాలే.

శబ్దం తగిలినప్పుడు ఒక్కో చిల్లులోని గాలి బిరడాలా లోపలికీ బయటికీ ఊగుతుంది. వెనక గదిలోని గాలి స్ప్రింగులా దాన్ని తోస్తుంది. గది లోతుకు సరిపడే స్వరం వస్తే ఆ ఊపు విపరీతంగా పెరుగుతుంది. ఇంజను నోట్లో మోత 150 డెసిబెల్స్ దాకా పోతుంది కాబట్టి, చిల్లు అంచుల దగ్గర చిన్న చిన్న సుడులు పుట్టి ఊడిపోతుంటాయి. శబ్దంలోని శక్తి సుడుల్లోకి వెళ్లి, చివరికి వేడిగా మారిపోతుంది. ఫ్లోరిడా స్టేట్ విశ్వవిద్యాలయంలో క్రిస్టఫర్ టామ్ 2000 ప్రాంతంలో చిల్లు దగ్గరి గాలి కదలికను కంప్యూటర్‌లో లెక్కగట్టి, ఈ సుడులను కళ్లకు కట్టించారు.

ఇంతకీ ఏ స్వరాన్ని పట్టుకోవాలి? బోయింగ్ 737-800కు ఉండే సీఎఫ్ఎం56-7బీ ఇంజనులో ఫ్యాను రెక్కలు 24. నిమిషానికి 5,175 చుట్లు తిరిగితే సెకనుకు 2,070 రెక్కలు ఒకే చోటు దాటుతాయి. ఫ్యాను పాడే ముఖ్యమైన స్వరం అదే. దాని తరంగం పొడవులో నాలుగో వంతు దాదాపు 4 సెంటీమీటర్లు, గది లోతు ఇంచుమించు అంత కావాలి. చిల్లులోని గాలి బరువు కూడా తోడవుతుంది కనుక కాస్త తగ్గినా చాలు. ఎయిర్‌బస్ ఎ320 నియోకు వాడే లీప్-1ఎ ఇంజనులో రెక్కలు 18, చుట్లు 3,856. స్వరం 1,157కి దిగింది, నాలుగో వంతు 7 సెంటీమీటర్లు దాటింది. పెద్ద ఫ్యాను నెమ్మదిగా తిరిగితే మోత తక్కువ, ఇంధనమూ ఆదా. కానీ లైనర్‌కు లోతు ఎక్కువ కావలసి వచ్చింది. మరోపక్క బరువు తగ్గించడానికి ఇంజను తొడుగును పొట్టిగా, పలచగా చేస్తున్నారు.

కంప్యూటర్‌తో పని పడేది ఇక్కడే. మిల్లీమీటరు చిల్లుల్నీ మీటర్ల పొడవు గొట్టాన్నీ ఒకేసారి లెక్కగట్టడం తలకు మించిన భారం. అందుకని ముందు కొద్ది చిల్లులనే తీసుకుని, గోడ శబ్దానికి ఎలా స్పందిస్తుందో తేలుస్తారు. దాన్ని ఇంపెడెన్స్ అంటారు. ఆ అంకెను గొట్టం గోడ మొత్తానికి అంటించి, బయటికి ఎంత మోత వస్తుందో చూస్తారు. విమానానికి శబ్ద ధ్రువపత్రం ఇవ్వాలంటే మూడు చోట్ల కొలవాలి: రన్‌వే పక్కన 450 మీటర్ల దూరంలో, పరుగు మొదలైన చోటు నుంచి 6,500 మీటర్ల దగ్గర, దిగేటప్పుడు రన్‌వేకు 2,000 మీటర్ల ముందు. మూడు సందర్భాల్లోనూ ఫ్యాను వేగం వేరు, స్వరం వేరు. గోడ మాత్రం ఒక్కటే. ఒకచోట నెగ్గిన లోతు మరోచోట ఓడిపోతుంది. 2008 దాకా హైదరాబాద్ బేగంపేట విమానాశ్రయం పక్క వీధుల్లో పసిపిల్లల్ని నిద్రపుచ్చినవాళ్లకు ఈ దూరాలు ఉత్త అంకెలు కావు.

నన్ను అన్నిటికన్నా కట్టిపడేసింది అతుకుల సంగతి. ఫ్యాను మోత తిన్నగా బయటికి రాదు, మరమేకు చుట్లలా మెలికలు తిరుగుతూ వస్తుంది. ప్రాట్ అండ్ విట్నీలో టైలర్, సోఫ్రిన్ 1962లోనే ఆ మెలికల లెక్క తేల్చారు. లైనర్‌ను రెండు మూడు ముక్కలుగా చేసి బిగించినప్పుడు, అతుకుల దగ్గర చిల్లులేని సన్నటి పట్టీ మిగిలిపోయేది. మొత్తం గోడలో దాని వాటా ఏపాటిది? అయినా మెలిక తిరిగే శబ్దం పట్టీకి తగిలి వేరే మెలికలుగా చెదిరేది. వాటిలో కొన్ని లైనర్‌కు చిక్కకుండా జారుకునేవి. గోడంతా బాగున్నా ఆ కాస్త మేరే మోతను బయటికి వదిలేది. అందుకే ఎ380 ఇంజను నోటికి ఎయిర్‌బస్ అతుకే లేని లైనర్ పెట్టింది.

లోతు కావాలి, చోటు లేదు అన్న చిక్కు మాత్రం ఇంకా నడుస్తోంది. అమెరికాలో నాసా లాంగ్లీ పరిశోధకులు పక్కపక్క గదులకు వేర్వేరు లోతులు పెట్టి, ఒకే గోడతో చాలా స్వరాలు పట్టే మార్గం వెతుకుతున్నారు. గది లోపలే సన్నని జల్లెడ లాంటి తెర అమర్చిన లైనర్‌ను 2018లో బోయింగ్ 737 మ్యాక్స్ ఇంజను నోటికి బిగించి ఆకాశంలో పరీక్షించారు. పలచటి గోడలో ఇమిడేలా గదినే మోచేతిలా వంచి, లోతును పక్కకు తిప్పే నమూనాలూ ఉన్నాయి. అలాంటి ముక్కను నాలుగు పలకల గొట్టంలో బిగిస్తారు. దాని మీదుగా గాలిని జోరుగా తోలి, ఒకవైపు నుంచి శబ్దం పంపి, గోడ పొడవునా మైక్రోఫోన్లు పెట్టి వింటారు. కంప్యూటర్ ముందే గీసిన గీతా, మైక్రోఫోన్లు చెప్పిన గీతా పొంతన కుదిరితేనే ఆ ముక్క ఇంజను దాకా వెళుతుంది. కుదరకపోతే మళ్లీ చిల్లు దగ్గరికే వస్తారు.