తీగ తెగిన టెలిఫోను

పాడుపడిన యింటిలో టెలిఫోను మ్రోగినది. రిక్ గ్రైమ్స్ ఎత్తి చెవికి ఆనించుకొనగా ఒక స్త్రీ గొంతు పలికినది. అది తన భార్య లోరి గొంతని అతడు తరువాత గ్రహించెను. కాని లోరి అంతకు ముందే మరణించినది. ఆ టెలిఫోనుకు తీగ సంబంధమే లేదు!

ఇది ‘ది వాకింగ్ డెడ్’ అను అమెరికన్ బొమ్మల కథలోని ఘట్టము. రాబర్ట్ కిర్క్‌మన్ రచించిన ఈ కథ 2003 నుండి 2019 వరకు 193 సంచికలుగా వెలువడినది. చచ్చినవారు లేచి తిరుగుచు బ్రతికినవారిని పీక్కుతిను లోకమది. అట్టి శవములను జాంబీలు అందురు. శవము లేచి నడచుట శాస్త్రమునకు పొసగని కల్పన. ప్రాణములు దక్కినవారి మనస్సు పడు పాట్లు మాత్రము కల్పన కావు. భార్యను, పసిపాపను ఒకేనాడు పోగొట్టుకొన్న రిక్ ఆ టెలిఫోనును సంచిలో పెట్టుకొని వెంట తిప్పుకొనును. ఇది పిచ్చియా?

ముందు భయము సంగతి చూతము. మెదడులో బాదంపప్పు ఆకారముగల అమిగ్డలా అను భాగము కలదు. అపాయము ఎదురైనపుడు ఇది హెచ్చరిక చేయును. అడ్రినలిన్ రక్తములో చేరును. గుండె వేగముగా కొట్టుకొనును. పారిపోవుటకో పోరాడుటకో దేహము సిద్ధమగును. అపాయము తొలగిన పిదప చాలమందిలో ఈ అలజడి క్రమముగా చల్లారును. కొందరిలో చల్లారదు. చిన్న చప్పుడుకే ఉలికిపడుట, జరిగినది మరల కళ్లయెదుట జరుగుచున్నట్లు తోచుట, పీడకలలు, ఆ చోటికి పోవ వెరచుట, ఎవరి మీదను మమత లేకుండుట వంటి లక్షణములు నెల దాటినను విడువక నిత్యజీవనమునకు అడ్డుపడినచో, వైద్యులు దానిని ఆఘాతానంతర మనోవ్యాధిగా పరిగణింతురు. అమెరికా మనోవైద్యుల వ్యాధిపట్టికలో దీనికి 1980లో చోటు లభించినది.

ఆప్తులను కోల్పోయిన దుఃఖము దీనికంటె వేరు. డ్యూయీ రీస్ అను వైద్యుడు వేల్స్ ప్రాంతమున భార్యనో భర్తనో కోల్పోయిన 293 మందిని విచారించి 1971లో ఫలితములను ప్రకటించెను. పోయిన మనిషి దగ్గరనే ఉన్నట్లు అనిపించినదనియో, కనబడినదనియో, గొంతు వినబడినదనియో వారిలో దాదాపు సగముమంది చెప్పిరి. పలువురికి అది ఊరటనే యిచ్చినది. అయినను చాలమంది అంతకు పూర్వము ఎవరితోను అనలేదు. ఏండ్ల తరబడి ఒక అడుగుల చప్పుడుకు, ఒక గొంతుకు అలవాటుపడిన మెదడు ఆ అలవాటును ఒక్కనాటిలో మానుకొనలేదు గదా!

ఇట్టి టెలిఫోను కథలోనే కాదు, నిజముగను కలదు. జపానులోని ఒత్సుచి పట్టణమున ఒక గృహస్థు, చనిపోయిన బంధువుతో మనసు విప్పి మాటలాడుకొనుటకై, 2010లో తన తోటలో తీగ కలుపని టెలిఫోను నొకదానిని ఉంచెను. 2011 మార్చి 11న వచ్చిన సునామీలో ఆ పట్టణము ఛిన్నాభిన్నమైనది. పిమ్మట తమవారిని పోగొట్టుకొన్న వేలాదిమంది అచటికి వచ్చి ఆ టెలిఫోనులో మాటలాడిరి. బదులు రాదని వారికి తెలియును. దానికి ‘గాలి టెలిఫోను’ అని పేరు.

రిక్‌కు కూడ అవతల ఎవరును లేరని తెలియును. ఒకనాడు అతడు మిషోన్ అను సహచరికి తన గుట్టు చెప్పెను. ఆమె నవ్వలేదు. తానును చనిపోయిన ప్రియునితో మాటలాడుచుందునని చెప్పెను. అంతవరకు ఎవరికి వారు దాచుకొన్న బరువు ఆనాడు ఇద్దరిదైనది.

ఉపాధ్యాయులు గమనింపదగిన విషయ మిదియే. ఈ మధ్యనే తండ్రిని కోల్పోయిన బాలుడు “నాన్న పిలిచినట్లయినదండీ” అన్నచో కసరరాదు, తోటివారిని నవ్వనీయరాదు. చెప్పనిచ్చి వినవలెను. పాఠము, ఆట, స్నేహితులు ఎప్పటివలె సాగునట్లు చూడవలెను. నిద్ర, తిండి, చదువు చాలకాలము దెబ్బతిన్నను, లేక తనకో యితరులకో హాని చేయుమని గొంతులు చెప్పుచున్నవన్నను, ఆలస్యము చేయక వైద్యునికి చూపవలెను. తక్కినవారికి తరచుగా కావలసినది, నవ్వకుండ వినెడి ఒక మనిషి.